అండ్

అమీర్‌పేటల మూడో అంతస్తు,
రాత్రి ఏడున్నర బ్యాచ్.
ఫ్యాను తిరుగుడు కంటె మూలుగుడు ఎక్కువ.
యాబై రెండేండ్ల నేను, ముందు బెంచీలల్ల
నా బిడ్డ ఈడు పిల్లలు.

మేడం బోర్డు మీద రాసింది:
హోల్డ్ ఎ గ్రడ్జ్.
పాత కోపం పట్టుకొని ఉండుడట.
దినాం వాడే మాటేనట, తలా ఒక వాక్యం చెప్పమన్నది.

పట్టుకొనుడంటే చేతితోనా మేడం?
అడుగుదామనుకొని ఆగిన.
మా దిక్కు మనసుల పెట్టుకుంటరు.
"మనసుల పెట్టుకోకు భూమన్నా" అన్నడు లింబాద్రి
తాళంచెవి నా చేతిలకెల్లి తీసుకుంట.
వాళ్లమ్మ "కడుపుల పెట్టుకో కొడుకా" అన్నది.
ఒకటి దాచుకునుడు, ఒకటి అరిగించుకునుడు.
రెండిటికీ నా ఒళ్లే జాగా.

తొమ్మిదేండ్లు.
కోఠిల కండ్లద్దాల దుకాణం,
ఇద్దరి పెట్టుబడి, ఒక్కటే షట్టర్.
కాగితం మీద ఒక్కని పేరే ఉన్నదని
వకీలు గుమస్తా చెప్పేదాంక తెల్వదు నాకు.
ఊరందరికి చూపు సరిచేసేటోణ్ణి,
దగ్గరి అక్షరాలు చదవలే.

ఇప్పుడు మాల్‌ల ఇంకొకని షోరూంల నిలబడుత.
ఇంగ్లీషు రాకుంటె ఆర్నెల్లల్ల తీసేస్తమన్నరు.

పొద్దుగాల బస్సు కోఠి మీదికెల్లే పోతది.
కిటికీ సీటు దొరకకున్నా వంగి చూస్త.
నా పేరు మీద తెల్లరంగు పూయించిండు.
పెయింటరుకు ఎంత తక్కువ ఇచ్చిండో ఏమో,
పక్క మాట మరిచిపోయిండు వాడు:
లింబాద్రి అండ్, జానెడు తెలుపు, ఆప్టికల్స్.

వానలకు ఆ తెలుపు పొక్కులు లేస్తది.
మొన్న 'భూ'కున్న కొమ్ము బయటపడ్డది.
సంబురమైంది.
బస్సు పుత్లీబౌలి దాటకముందే సిగ్గయింది.

"మీరు చెప్పండి, సార్."
లేచిన. చేతులు ఎక్కడ పెట్టాల్నో తెల్వలే.
"ఐ హోల్డ్ ఎ గ్రడ్జ్" అన్న.
కరెక్టే అన్నది మేడం, పక్క పిల్ల దిక్కు తిరిగింది.
నేను కూసోలే.
"అండ్" అన్న.

మార్కరు మూత పెట్టబోయి ఆగింది మేడం.
ముందు బెంచీలు వెనక్కి తిరిగినయి.
ఫ్యాను మూలుగుతనే ఉన్నది.

"అండ్?"