పందొమ్మిదికీ ఇరవై ఒకటికీ మధ్య

నాన్న పోయిన పదకొండేళ్లకు
మాస్కో నుంచి ఆయన కాగితాలు వచ్చాయి.
నలభై మూడు పుటల నకలు.
సకాతాలో ఆ వేళ ముసురు,
కవరు మీద మా ఇంటి నెంబరు అలుక్కుపోయింది.

ఒక్క అక్షరం నాకు రాదు.
ఎండిన చేప ముళ్లు పేర్చినట్టు ఉంది ఆ లిపి.
నీగాతా రేవులో ఒకప్పుడు ఓడల లెక్కలు రాసిన
లారిసా గారిని వెతుక్కుంటూ రైలెక్కాను.
ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని
పేరు కింద వేలు పెట్టి చదివింది:
"ఖిగుతి. ఖేయ్‌జో."
మా భాషలో 'హ' లేదమ్మా, అంది,
తప్పు తనదే అయినట్టు.

హిగుచి హేయిజో
సరిహద్దు దాటగానే పేరులోని ఊపిరి పోగొట్టుకుని
గొంతులో గరగరగా మిగిలాడు.

వృత్తి అన్న గడిలో: వడ్రంగి.
నవ్వొచ్చింది నాకు.
నాన్న లెక్కల పంతులు. మేకు కొడితే
వేలికే తగిలేది.
"వడ్రంగినంటే కొట్టంలో పని," అంది లారిసా,
"కాదంటే అడవిలోకి, చెట్లు నరకడానికి."
నేను టీ కప్పు కింద పెట్టాను.

బరువు: నలభై నాలుగు కిలోలు.
పళ్లు: మూడు లేవు.
మతం గడిలో అడ్డగీత.

ఇంట్లో ఆయన చెప్పిన యుద్ధం మొత్తం
"చలిగా ఉండేది."
అమ్మ అడిగినా అదే, తమ్ముడు అడిగినా అదే.
నిద్రలో మాత్రం
మాకు తెలియని భాషలో అంకెలు లెక్కపెట్టేవాడు.
పదహారు దాకా వచ్చి ఆగేవాడని
ఇప్పుడు లారిసా అంకెలు పలుకుతుంటే తెలిసింది.

ఏటా జనవరి పందొమ్మిదిన
ఆయనకు పస్తు.
ఆ ఒక్క రోజే మా ఇంటికి రొట్టె వచ్చేది.
నల్లదే కావాలని ఊరంతా తిరిగి తెచ్చి
రెండు ముక్కలు కోసి
తక్కెడలో తూచి
పెద్దలకు దణ్ణం పెట్టుకునే అలమరలో ఉంచేవాడు.
ఒకటి తాతకు, ఒకటి నానమ్మకు అనుకునేవాళ్లం.
తాత జన్మలో రొట్టె ముట్టలేదన్న సంగతి
ఎవరికీ తట్టలేదు.

ముప్పై ఒకటో పుట నాన్నది కాదు.
పొరపాటున కలిసిన ఇంకొకరి మరణపత్రం.
మొరినాగా తోకుజి, అకితా.
అదే బారకాసు, పై వరుస, పడక పదిహేడు.
నాన్నది పదహారు.
కారణం: కృశించి.
తేదీ: జనవరి ఇరవై ఒకటి.

"ఇరవై ఒకటా? సరిగ్గా చూడండి."
లారిసా సొరుగులోంచి భూతద్దం తీసింది.
ఇరవై ఒకటే.
నాన్న ఎన్నడూ లెక్క తప్పినవాడు కాదు.

తిరుగు రైల్లో ఎడమపక్క సముద్రం.
త్సురుఒకా దాటాక ఎక్కడో
ఆ రెండు తేదీల మధ్య ఖాళీ
మెల్లగా మనిషి ఆకారం తీసుకుంది.
ఒకే దుప్పటి కింద ఇద్దరు.
తెల్లారి తలలు లెక్కపెట్టేవాడు వస్తే
ఒకడు లేస్తాడు,
రెండోవాడికి జ్వరమంటాడు,
ఇద్దరి రొట్టే అందుకుంటాడు.
రాత్రి, ఎవరికీ అనుమానం రాకుండా,
పక్కవాడికి ఇంకాస్త దగ్గరగా జరిగి పడుకుంటాడు.
మర్నాడూ అంతే.

ఇదంతా నా ఊహ.
ఒక అంకె కాగితంలో ఉంది,
ఒక అంకె మా ఇంటి పస్తులో ఉంది.
మిగతాది నేను కూడినది,
తీసివేసినది.

తోకుజి చెల్లెలు బతికే ఉంది. ఎనభై రెండేళ్లు.
ఫోనులో గొంతు ఖంగుమంటోంది.
మా అన్న ఏ రోజున పోయాడో తెలిసిందా, అంది.
పందొమ్మిది, అన్నాను.
పక్కన ఎవరైనా ఉన్నారా?
మా నాన్న ఉన్నాడు.
చాలాసేపు గీర్‌మన్న తీగ చప్పుడు.
"అయితే ఒంటరిగా లేడన్నమాట."

లేడండీ, అన్నాను.
ఆ తర్వాత రెండు రోజులు కూడా లేడని
రిసీవరు పెట్టేశాక అన్నాను,
వంటింటి తక్కెడతో.