పదమూడో గిన్నె

కార్క్‌లో బయల్దేరినప్పుడు పన్నెండు మంది.
డబ్లిన్‌లో పన్నెండు. జోహానెస్‌బర్గ్‌లో పన్నెండు,
అందులో ఒకడు నిద్రలోనే నడుస్తున్నాడు.
లెసోతో సరిహద్దు గేటు దగ్గర పదకొండు.
గుండె జారి బూట్లలో పడింది.
ఓర్లా బస్సు వెనక వాంతి చేసుకుంటోంది. పన్నెండు.
టీచరంటే ఇంతేనేమో,
పాఠం చెప్పే మనిషి కాదు,
తలలు లెక్కపెట్టే యంత్రం.

ఆఫ్రికా అనగానే అందరూ ఎండకి సర్దుకొచ్చారు:
పొట్టి లాగులు, సన్‌స్క్రీన్, వెడల్పాటి టోపీలు.
జూలై నెల. కొండల మీద మంచు.
మొదటి రాత్రే ఊళ్ళో తలుపులన్నీ తెరుచుకుని
దుప్పట్లు నడిచొచ్చాయి మా దగ్గరికి.
సాయం చేయడానికి వచ్చినవాళ్ళం
వాళ్ళ ఉన్నిలో, వాళ్ళ పొయ్యి వాసనలో
పళ్ళు టకటకలాడిస్తూ పడుకున్నాం.

మా పని బడిగోడకి రంగు వేయడం.
గీకితే
పసుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద ఎవరిదో అరచేతి అచ్చు,
అచ్చు కింద సగం పేరు.
ఫిన్‌బార్ గీకడం ఆపి నావైపు చూశాడు.
నేను తలలు లెక్కపెట్టుకున్నాను.
హెడ్మాస్టరు మొయెకెత్సి గారు టీ తెచ్చిచ్చి
"ఏటా ఎవరో ఒకరు వస్తారు, ఏటా ఒక పొర.
మా గది ఏడాదికింత ఇరుకవుతోంది" అన్నారు.
నవ్వారు. మేమూ నవ్వాం, కాస్త ఆలస్యంగా.

మరి మీకేం కావాలని అడిగాను.
అడగాల్సింది ఫిబ్రవరిలో, ఫారాలు నింపేటప్పుడు.
ఆయన గడ్డంతో బోరింగు పంపు వైపు చూపించారు.
లోపల తోలు వాషరు అరిగి ఆరు వారాలు.
అరచేతిలో ఇమిడే వాషరు.

మూడోనాటి పొద్దువాలే వేళ మళ్ళీ పదకొండు.
కోలమ్ లేడు. క్లాసులో గొంతు విప్పని పిల్లాడు.
రంగు డబ్బాల వెనక లేడు, గొర్రెల దొడ్డి దగ్గర లేడు.
వాళ్ళమ్మకి ఫోనులో ఏం చెప్పాలో
మొదటి వాక్యం కూర్చుకున్నాను,
రెండోది రాలేదు.
తీరా చూస్తే వాగునుంచి పైకొచ్చే దారిలో
ముందు మా వంటమనిషి మాలినెయో,
ఆమె వెనక ఆమె పిల్లలు ముగ్గురు,
ఆ వెనక వీడు, భుజాన నీళ్ళ డబ్బా,
గలగలా మాట్లాడుతున్నాడు.
ఏ భాషో. వాళ్ళకీ తెలీదు, వాడికీ తెలీదు.

కేకలేశాను. లెక్క తప్పిందన్నాను.
మాలినెయో నన్ను అరవనిచ్చింది, డబ్బా దించింది,
నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది.
"మనుషుల్ని నేను లెక్కపెట్టను టీచరుగారూ,
వాళ్ళు కదులుతుంటారు.
రాత్రి గిన్నెలు లెక్కపెడతాను.
ఎంగిలి పడని గిన్నె మిగిలిందంటే
ఎవరో తినలేదన్నమాట.
మూడు రోజులుగా ఒకటి మిగులుతోంది."
నేను పిల్లల మొహాలు వెతుకుతున్నాను,
ఎవరా అని.
ఆమె ఎదురుచూసింది.
కోలమే చెప్పాడు, నేలవైపు చూస్తూ:
"అది మీదే, మేడమ్."

ఆ రాత్రి పొయ్యి పక్కన కూచున్నాను.
ముద్దగా ఉడికిన జొన్నపిండి, కాస్త ఆకుకూర.
వేళ్ళు కాలాయి.
ఎవరెక్కడున్నారో కాసేపు నాకు తెలీదు.

మసేరు నుంచి వాషరు తెప్పించాం.
బిగించింది మొయెకెత్సి గారు,
మేం టార్చి పట్టుకున్నాం, అదీ వంకరగా.
గోడ సగమే అయింది. సగం అలాగే,
మూడు రంగులు బయటికి కనబడుతూ.

తిరిగొచ్చాక నింపాల్సిన ఫారంలో ఒక గడి:
ఈ యాత్ర వల్ల లబ్ధి పొందినవారి సంఖ్య.
పదమూడు అని రాశాను.
ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు,
ఒక సున్నా ఎక్కడో పడిపోయినట్టుంది చూడమని.
మళ్ళీ లెక్కపెట్టి చూశాను.
ఏమీ పడిపోలేదు.