పదో నంబరు చెప్పులు

మిల్లు వెనక వీధిలో, మాబున్ని ఇంట్లో
బీరువా పగిలిన మరుసటి రోజు
కానిస్టేబుల్ మద్దిలేటి నా ఇంటికీ వచ్చినాడు.
గొళ్ళెం అటూ ఇటూ ఆడించి చూసి
పెదవి విరిచినాడు.
"దీని సంగతి తర్వాత సిస్టరమ్మా,
ముందు ఇంట్లో మొగోడు ఉన్నట్ల కనపడల్ల."

నలభై మూడేండ్లు నాకు.
ఆదోని ఆసుపత్రిలో
రాత్రి తప్పించి రాత్రి డ్యూటీ.
ఇంట్లో పోతే పోయేవి
ఒక గ్యాసు బండ, ఒక కుట్టుమిషను,
అమ్మ ఇచ్చిన రెండు జతల కమ్మలు.
కమ్మలు కందిపప్పు డబ్బా అడుగున.
ఇది మీకు చెప్పకూడదు. చెప్పేసినా.

తాళాల ఖాజా దగ్గర
పిడికిలంత తాళం కొన్యా.
తలుపు వెనక స్టీలు గ్లాసులు
ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా.
నడిరాత్రి ఎలుక తగిలి అవి కూలితే
దొంగకంటే ముందు నేనే చచ్చినంత పని.

ఇంక లాభం లేదని ఆదివారం సంతకు పోయి
పాత చెప్పుల గుట్ట ముందర కూచుని
పదో నంబరు జత ఏరినా.
"ఎవురికమ్మా?"
"ఇంటాయనకు."
ఆ మాట ఎంత సుళువుగా వచ్చిందంటే
బేరమాడేది మర్చిపోయినా.

నూటిరవై రూపాయల మొగుడు.

గడప బయట కొంచెం వంకరగా విడిచినా.
మొగోళ్ళు చెప్పులు సక్కగా విడుస్తారా యాడన్నా?
రెండ్రోజులకే దుమ్ము పేరుకొని
నడవని చెప్పులని తెలిసిపోతాండె.
అందుకని పొద్దు గూకినంక
నా ఐదో నంబరు కాళ్ళు వాటిల్లో దూర్చి
మిద్దె మీద నాలుగు చుట్లు తిరిగేదాన్ని.
టపా టపా టపా.
"బావ వచ్చినాడేమక్కా?" అని
పక్క మిద్దె మీంచి మాబున్ని నవ్వేది.
బీరువా పోయినంక అది నవ్వింది అప్పుడే.

ఒక గళ్ళ చొక్కా కూడా.
ఉతికేది, ఆరేసేది, మళ్ళా ఉతికేది.
ఎవరూ తొడక్కుండానే కాలరు పీలికలైంది.

డ్యూటీకి పోతా
తాళం ఏసి, గుంజి చూసి,
మలుపు దాకా పోయి, మళ్ళీ వచ్చి గుంజి,
వీధంతా ఇనపడేటట్ల
"నేను పొయ్యొస్తా, నువ్వు పడుకో" అనేదాన్ని.
బయట తాళమేసి
లోపలోనికి పడుకోమని చెప్పే పిచ్చిది
ఈ ఊర్లో నేనొక్కదాన్నే.

రాన్రాను అదే అలవాటైంది.
ఉగ్గాని చేస్తే ఒక బజ్జి ఎక్కువ పడేది.
వాన పడితే చెప్పులు లోపలికొచ్చేవి.
జ్వరంతో పడుకున్న రాత్రి
గడప అవతల అవి ఉండాయనుకుంటే
మాత్ర ఏసుకున్నంత నెమ్మది.

మొన్న అమాస.
డ్యూటీ దిగి తెల్లారి వచ్చేసరికి
తాళం అట్లే ఉంది. గొళ్ళెం అట్లే ఉంది.
కమ్మలు కందిపప్పులోనే.
చెప్పులు లేవు.

మద్దిలేటి కాగితం తీసినాడు.
"ఏం పోయింది?"
"చెప్పులు."
"ఎవురివి?"
పెన్ను కాగితం మీద ఆగింది.
పైన ఫ్యాను తిరుగుతానే ఉంది.
"రాయొద్దులేప్పా" అని లేచి వచ్చినా.

ఇంటికొచ్చి తాళం తీసినంక
గడప కాడ కాలు ఆగింది,
లేనివాటిని యాడ తొక్కుతానో అని.

ఎత్తుకపోయినోడా,
మార్కెట్ యార్డులో పత్తి బోరాల కాడనో
ఎమ్మిగనూరు రోడ్డులోనో
ఈ ఎండల్లో నడుస్తా ఉంటావు.
పిడికిలంత తాళాన్ని ముట్టుకోకుండా
చెప్పులు చూసి ఆగినావంటే
నీ కాళ్ళు ఎంత కాలినాయో ఏమో.

ఎడమదానికి బొటనేలి పట్టీ వదులు.
కుట్టించల్ల కుట్టించల్ల అనుకుంటానే ఉంటి.
చూసి నడువప్పా.