పళ్ళ లెక్క

హెప్టన్‌స్టాల్ కొండ కింద, బారాక్లఫ్ షెడ్డులో
పాత పేపరు పరిచి
రెండు డిఫరెన్షియళ్ళు పక్కపక్కన పెట్టాడు.
గంధకం కంపు కొట్టే నూనె
క్రికెట్ స్కోర్ల మీదికి మెల్లగా పాకుతోంది.
"నువ్వే లెక్కపెట్టుకో, పళ్ళ డాక్టరువి కదా"
అన్నాడు విల్ఫ్, టీ కప్పు వెనకనుంచి.

ముప్పై రెండుకు అలవాటుపడ్డ వేళ్ళు నావి.
సుద్దముక్కతో ఒక పన్నుకు గుర్తు పెట్టి
చక్రాన్ని తిప్పుకుంటూ పోయాను.
ముప్పై ఎనిమిది. దాన్ని తిప్పే చిన్నదానికి తొమ్మిది.
ఇది నా మోరిస్ మైనర్‌తో పాటు పుట్టింది.
రెండోది ఏదో రైలీ కారు పొట్టలోంచి తీసింది,
నలభై ఒకటికి పదకొండు.
భాగిస్తే
నాలుగుంబావుకు చిటికెడు తక్కువ ఒకటి,
మూడూ ముప్పావుకు చిటికెడు తక్కువ ఇంకొకటి.
మధ్యలో ఉన్నది అర.
బళ్ళో అర ఎక్కం అప్పజెప్పించుకున్న మేష్టారు
ఆ అరలో ఒక కొండ పడుతుందని చెప్పలేదు.

అరవై మైళ్ళ వేగంలో, అంటాడు విల్ఫ్,
నిమిషానికి నాలుగు వందల యాభై చుట్లు ఆదా.
మోటార్‌వే మీద లీడ్స్ దాకా
పక్కవాళ్ళ మాట వినిపిస్తుంది.
ఏ పక్కవాళ్ళు అని అడగలేదు.
ఆ కారులో నేనొక్కదాన్నే.

సరే, ఒక వారం పెట్టి చూడమన్నాను.

నిజమే, లీడ్స్ దారిలో నిశ్శబ్దం.
సీటు కింద దొర్లుతున్న పెన్సిలు వినిపించింది,
నా దగ్గు నాకే కొత్తగా వినిపించింది.
తిరిగొచ్చేటప్పుడు
ఊరి మలుపు దగ్గర బస్సు వెనక ఆగినంత పనైంది.
రెండో గేరు మోయలేనంది.
ఒకటో గేరు, బండి కదులుతుంటే, లోపలికి రానంది.
పళ్ళు నూరింది, నా మీదే.
వెనక్కి ఒక గజం జారాం,
క్లచ్చి కాలిన వాసనతో, వెనక పాల వ్యాను హారనుతో.

మిస్ హార్స్‌ఫాల్ ఈ కారు నాకమ్మిన మనిషి.
ముప్పై ఒక్కేళ్ళు మంత్రసాని ఈ లోయకి.
బుగ్గ సగం మొద్దుబారి, నీళ్ళు పుక్కిలించి,
వంకరపోయిన పెదవితో చెప్పింది:
"చదును నేల మీద నాకెప్పుడూ తొందర లేదమ్మా.
పిల్లలు పుట్టేదంతా కొండ మీదే."

ఆదివారం మళ్ళీ షెడ్డు.
చెడిందో లేదో చూద్దామని పాతదాని పళ్ళకి విల్ఫ్
నీలి లేపనం పూసి ఒక చుట్టు తిప్పాడు.
నాకు నవ్వొచ్చింది.
నా క్లినిక్‌లో నీలి కాగితం కొరికించి
ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసేదీ ఇదే పద్ధతి.
మచ్చ సరిగ్గా పన్ను నడుమ పడింది.
ఇవాళ ఎదురుపడ్డ పన్ను మళ్ళీ ఎదురు కావాలంటే
మిగతా అన్నిటినీ కలిసి రావాలట,
అందుకే అన్నీ ఒకే తీరున అరిగాయట.
నోటి అద్దం పెట్టి, టార్చి వేసి చూశాను.
ఒక చిన్న పెచ్చు లేచింది, అంచున.
అంతమాత్రానికి పీకుతానా?

విల్ఫ్ గొణిగాడు. రైలీ దాన్ని గోనెగుడ్డలో చుట్టి
బెంచీ కిందికి కాలితో తోశాడు.
"లీడ్స్ పోయేప్పుడు చెవుల్లో దూది పెట్టుకో."

సోమవారం పొద్దున,
మూడుసార్లు కడిగిన చేతుల మీద, గ్లవ్జు లోపల,
ఇంకా ఆ నూనె వాసన.
కుర్చీలో మిస్ హార్స్‌ఫాల్ ముక్కు ఎగబీల్చింది.
"ఏది పెట్టించావు?"
అద్దం పక్కన పెట్టి
తొమ్మిది వేళ్ళు చూపించాను.

ఆమె కళ్ళు మూసుకుని
నోరు తెరిచింది.