పదమూడున్నర

మొదటి సీటు సైకిల్‌తోపాటే వచ్చింది.
రెండోది డాబాగార్డెన్స్‌లో కొన్నాను, జెల్లీ నింపినది,
బొటనవేలితో నొక్కితే జున్నులా దిగింది.
షాపులో కుర్రాడు "సోఫా, మేడం" అన్నాడు.

సోఫానే.
రుషికొండ దాటేదాకా సోఫా.
మంగమారిపేట దగ్గర ఊబి.
ఎముక మునిగి మునిగి
అడుగున ఉన్న ప్లాస్టిక్‌ని ముట్టుకుంది.
భీమిలిలో దిగి, టిఫిన్ బండి దగ్గర
నాలుగిడ్లీలూ నిలబడే తిన్నాను.
"కూకో అమ్మా" అని స్టూలు తుడిచిన ముసలామెతో
కాళ్లు పట్టేశాయని అబద్ధం చెప్పాను.

పట్టేసింది ఎక్కడో ఎవరికి చెప్పను?
నడుమంటే ఆయింటుమెంటు ఇస్తారు,
మోకాలంటే సలహా ఇస్తారు.
ఈ చోటుకి మర్యాదైన పేరు లేదు,
ఉన్న పేర్లన్నీ తిట్లలోనే వాడేశారు.
ఇరవై రెండేళ్లుగా ల్యాబ్‌లో
ఊరందరి నెత్తురుకీ లేబుల్ అంటించేదాన్ని,
నా నొప్పికి లేబుల్ దొరక్క
రెండు ఆదివారాలు సైకిల్ ముట్టుకోలేదు.

కంచరపాలెంలో రైలుపట్టాల వైపు సందులో
నూకయ్య కొట్టు.
కొట్టంటే ఒక రేకు, ఒక గాలిపంపు,
పంక్చర్ బుడగల కోసం నీళ్లు నింపిన బేసిను.
సీటు చూశాడు. నన్ను చూడలేదు.
"మెత్తంది కొట్టుకెల్లడానికమ్మా, ఊరెల్లడానికి కాదు.
పరుపు మీద తొంగుంటావు గానీ
పరుపు మీద నడుత్తావేటి?"

ఫ్యాన్ వచ్చిన డబ్బా చించి
అట్టముక్క బల్ల మీద పరిచాడు.
"కూకో. మడమలెత్తు. ముందుకొంగు.
నేనటు తిరుగుతాను."
అటు తిరిగి
పోతున్న గూడ్సు పెట్టెలు పైకే లెక్కపెట్టాడు.
యాభై ఎనిమిదికి లేచాను.

అట్ట మీద రెండు గుంతలు.
నలభై ఆరేళ్లలో నేనెప్పుడూ చూడని నేను.
అద్దానికి దొరకనిది, ఆధార్ ఫొటోకి అక్కర్లేనిది.
బస్సులో, బల్ల మీద, ఆసుపత్రి వరండాలో,
నన్నింతకాలం మోసిన రెండు చిన్న రాళ్లు.
సుద్దపొడి రాసి,
గుంత నడుమ నుంచి గుంత నడుమకి
టేపు పెట్టి చదివాడు నూకయ్య:
పదమూడున్నర.
లావనలేదు. సన్నమనలేదు.
గోడ మీద రాసుకున్నాడు.

గోడ నిండా ఊరి ఎముకలు.
పేపరేసే చిట్టిబాబు పది.
పోర్టు కళాసీ ఎర్రయ్య పదకొండు.
స్టీల్‌ప్లాంట్ రెండో షిఫ్టు, పేరు చెరిగిపోయింది, పన్నెండు.
అరకు ఘాటీ ఎక్కుతామన్న కాలేజీ గుంటలు ముగ్గురు.
సైమన్ పదకొండుంపావు,
దాని పక్కన చిన్న గీత.
కొట్టివేత కాదు. అక్కడే ఆగిన గీత.
అడగలేదు.
నా పేరు అతనడిగాడు.
హైమావతి అన్నాను,
ఒత్తు ఎక్కడా లేకపోయినా ఒత్తి రాశాడు.

ఇచ్చిన సీటు గట్టిది, తోలుది,
వెనక వెడల్పు, నడిమధ్య పొడుగాటి చీలిక.
"ముక్కు పైకుంటే పొడుత్తాది,
కిందికుంటే సేతుల మీద పడతావు" అంటూ
ఒక నూలు దించి, అర నూలు ఎత్తి,
పానా నోట్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు.
"కొత్త చెప్పులాగ కరుస్తాది. ఓర్సుకో."

కరిచింది.
రెండు వారాలు కుర్చీలో
ఒక పక్కకి ఒరిగి రిపోర్టులు రాశాను.

మూడో ఆదివారం, ఇంకా వెలుగు రాకముందు,
తొట్లకొండ కింద సముద్రం వినబడుతోంది గానీ లేదు.
భీమిలి వచ్చింది, టిఫిన్ బండి వచ్చింది, ఆగలేదు.
గోస్తనీ వంతెన మీద
గ్యాస్ బుక్ చెయ్యలేదని గుర్తొచ్చింది,
పప్పు నానబెట్టలేదని గుర్తొచ్చింది,
ఆ తర్వాత సీటు గుర్తొచ్చింది,
గంట నుంచీ గుర్తు రాలేదని.

తిరుగు దారిలో ముసలామె స్టూలు తుడిచింది.
కూర్చున్నాను.
ఒక కాలు పొట్టి స్టూలు, పొట్టికాలు వైపు ఒరిగింది.
అల్లం చట్నీ
ఇంకో గరిటె వెయ్యమన్నాను.