అర్థం లేని మాటలు

బ్రాడీపేట నాలుగో లైన్లో
జిరాక్సు షాపు మీద నా గది.
కింద మిషను ఆడినంతసేపూ నేల సన్నగా వణుకుతుంది,
బల్ల మీద స్టాప్‌వాచీ అంగుళం అంగుళం జరిగిపోతుంది.

"ఇవి చదువు నాన్నా. వీటికి అర్థం ఉండదు."
టిబలు. మొగిత. ఝరుపి.
రిహాన్ 'ఝ' దగ్గర ఆగాడు,
దాని మెలికల్లో వేలు ఇరుక్కున్నట్టు.
పదకొండు సెకన్లు.
రాసుకున్నాను.
చెవులు ఎర్రబడితే రాసే గడి
ఈ ఫారంలో లేదు.

వెనక కుర్చీలో వాళ్ళ నాన్న నాగుల్ మీరా.
మిర్చి యార్డు నుంచి తిన్నగా వచ్చాడు,
ఆ చొక్కా ఘాటుకి ఇందాక ముగ్గురం తుమ్మాం.
కార్డు వైపే చూస్తూ పెదాలు కదుపుతున్నాడు.
"ఘరువి", తనలో తను.
కాసేపాగి కొడుకూ
సరిగ్గా అదే అన్నాడు.

టిక్కీ విప్పకుండానే తేజ రకమో కాదో చెప్పేస్తాడట.
చీటీ వస్తే మాత్రం పక్కవాడి చేతికిస్తాడు,
కళ్ళజోడు మర్చిపోయానని.
ఇరవై ఏళ్ళుగా మర్చిపోతూనే ఉన్నాడు
కొననే కొనని కళ్ళజోడు.

"వీడికి బుర్ర లేదన్నారు మేడమ్, స్కూల్లో.
నన్నూ అన్నార్లెండి."
ఆ రెండో మాట నేలకి చెప్పాడు.

కింద మిషను ఆగింది.
సొరుగులోంచి ఇంకో ఫారం తీశాను.
పేరు నేనే రాసి, వయసు దగ్గర ఆగి
"ముప్పై ఎనిమిదా?" అన్నాను.

రిహాన్ లేచి
తన కుర్చీ నాన్న వైపు జరిపాడు.
"రాకపోయినా పర్లేదు అబ్బా,
వీటికి అర్థం ఉండదు."