తొంభై సెకన్లు

ఎన్నూరులో ఏడూ పదికి ఎక్కితే
లేడీస్ పెట్టెలో తలుపు పక్కన చోటు దొరుకుతుంది.
అక్కడ గాలి మాటల్ని ఊడ్చుకుపోతుంది.
ఏం వాగినా ఎవరికీ వినబడదు.

రేపు పదకొండింటికి ఇంటర్వ్యూ.
ప్లేస్‌మెంట్ సారు చెప్పారు:
"నీ గురించి చెప్పుకోడానికి తొంభై సెకన్లు.
తొంభై ఒకటో సెకను నీది కాదు, నీ వెనకవాడిది."

కత్తివాక్కం నుంచి విమ్కో నగర్ దాకా ఒకసారి,
అక్కణ్ణుంచి తిరువొత్తియూరుకి ఇంకోసారి.
గుడ్ మార్నింగ్ సర్, ఐయామ్ పి. కల్యాణి,
ఫైనలియర్ బీకాం,
హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్.
ఈ ముగ్గురూ ఎవరో నాకు తెలీదు.
మా క్లాసు అరవైమందిమీ
వాళ్ళనే వెంటబెట్టుకుని వెళ్తాం.

తొండియారుపేటలో పాదాల మీద చల్లగా పడింది.
ఆకుకూరల గంప. పక్కన కూచున్నామె
చెంబులో వేళ్ళు ముంచి తోటకూర మీద చిలకరిస్తోంది.
"ఎవురితో మాట్లాడతా ఉండావమ్మే,
చేతిలో ఫోను గూడా లేదే?"

మూడేళ్ళుగా ఈ రైల్లో తమిళంలో చోటడుగుతున్నాను.
మా ఇంటి గుమ్మం లోపలి యాస
ఇక్కడ, ఈ ఇనప సీటు మీద వినడం ఇదే మొదలు.

చెప్పాను.
"ఏమడగతారంట?"
"నీలో లోపం ఏందో చెప్పమంటారు."
"ఓస్, అంతేనా" అని ఒక కట్ట పైకెత్తింది.
"నీళ్ళు చల్లితే తొమ్మిదిన్నర దాకా నిగనిగలాడద్ది.
పది కొట్టిందా, తల వాల్చేస్తది.
అదీ దీని లోపం.
అందుకే తొమ్మిదింటికే అమ్మేసి లేస్తాను."
నేను రాసుకున్న జవాబు: పర్ఫెక్షనిస్టుని.
ఆమెకి చెప్పలేదు.

"సరే, నన్నే సారనుకో. చెప్పు."
గుడ్ మార్నింగ్, అన్నాను.
"నాకు తెలిసేట్టు చెప్పు."

బేసిన్ బ్రిడ్జి దాటి బండి ఆగిపోయింది.
రోజూ ఆగేదే. సెంట్రల్ కనబడుతూనే ఉంటుంది,
దిగడానికి మాత్రం ప్లాట్‌ఫారం ఖాళీ ఉండదు.

నా పేరు పెంచల కల్యాణి.
పెంచలకోనలో మొక్కుకుని పెట్టింది మా అమ్మ.
కాలేజీలో నవ్వారని
సగం పేరుని ఒక్క అక్షరం చేసి చుక్క పెట్టేశాను.
మా వీధిలో ఇరవైరెండుమంది ఆడవాళ్ళ చీటీ లెక్క
పదో తరగతి నుంచీ నేనే రాస్తున్నాను.
పాట పాడుకుని ముఖం చాటేసినవాళ్ళ ఇళ్ళకి
అమ్మ వెనక నోటుబుక్కు పట్టుకుని వెళ్ళింది నేనే.
ఒక్క రూపాయి తేడా రాలేదు.
కాస్ట్ అకౌంటింగులో మాత్రం తప్పాను, ముప్పైఒకటి.
జ్వరమని చెప్పమన్నారు సారు.
జ్వరం రాలేదు. చదవలేదు, అంతే.
కొత్తవాళ్ళ ముందు నా గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది.
ఇప్పుడు ఎక్కలేదు.
ఎందుకో తెలీదు.

తొంభై ఎప్పుడో దాటింది.
సిగ్నలు ఇంకా ఎర్రగానే ఉంది.
ఎదుటి సీటులో నర్సు యూనిఫాం అమ్మాయి
చెవిలోంచి ఒక ఇయర్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆకుకూరలామె బాగుందనలేదు.
ఉద్యోగం వస్తుందనీ అనలేదు.
"చీటీ పాట ఎంత దాకా పోతా ఉంది?" అనడిగింది.
"నాకో పేరు ఖాళీ ఉంటాదా?"

సెంట్రల్లో "గంపకో చెయ్యెయ్యి" అంది.
ఫైలు కింద పెట్టి ఎత్తాను.
తల మీద సర్దుకుని, మెడ కదపకుండా,
నా వైపు చూడకుండానే గుంపులో కలిసిపోయింది.

ఫైలంతా తడి.
మొదటి పేజీలో 'పి' పక్కన చుక్క
నల్లగా ఉబ్బి శనగగింజంత అయింది.

వాల్టాక్స్ రోడ్డులో జెరాక్స్ కొట్టు.
పెన్‌డ్రైవ్ ఇచ్చాను.
"ఇదే ఫైలా? ఎన్ని కాపీలు?"
నా వెనక ఆరుగురు,
ఆరుగురి చేతుల్లోనూ అవే నీలం ఫైళ్ళు.

"ఒక్క నిమిషం" అన్నాను,
"కీబోర్డు ఇటు తిప్పండి."